అరువు చేపలు: మిషిగన్ సరస్సులో సాల్మను వేట కథ

మిషిగన్ సరస్సును "సరస్సు" అని పిలవడానికి నాకు మనస్కరించదు. సరస్సు అనగానే మన కావ్యాలు నేర్పిన తామరలు, హంసలు, మెట్లు కళ్ళ ముందు మెదులుతాయి. ఇక్కడ అవేవీ లేవు. షికాగో ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు కనిపించదు. పొడవు 494 కిలోమీటర్లు, లోతు అత్యధికంగా 281 మీటర్లు, విస్తీర్ణం 58 వేల చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతు కన్నా ఎక్కువ నేలను ముంచేటంత నీరు. అలలున్నాయి, తుపానులున్నాయి, మునిగిన ఓడలున్నాయి. ఒక్క ఉప్పు మాత్రమే లేదు.

ఈ ఉప్పు లేని సముద్రంలో వేసవి వస్తే తెల్లవారకముందే వందలాది బాడుగ పడవలు బయలుదేరుతాయి. వీటిని ఇక్కడ చార్టర్ బోట్లంటారు. కెప్టెను పడవ నడుపుతాడు, ఒక సహాయకుడు గేలాలు సర్దుతాడు, డబ్బు చెల్లించిన నలుగురో ఆరుగురో చేప పడితే చక్రం తిప్పి లాగుతారు. తీరరక్షక దళం వారిచ్చే మామూలు అనుమతిపత్రంతో ఆరుగురికి మించి ఎక్కించుకోరాదు. అందుకే దానికి వాడుకలో "సిక్స్‌ప్యాక్" అని పేరు వచ్చింది, బీరు డబ్బాల కట్టతో శ్లేష. పట్టేది ముఖ్యంగా సాల్మను చేపలు, వాటితో పాటు ట్రౌట్లు. లడింగ్టన్, మానిస్టీ, ఫ్రాంక్‌ఫర్ట్, రసీన్, కెనోషా, అల్గోమా వంటి రేవు పట్టణాల్లో మోటళ్ళ గోడల మీదా దుకాణాల బోర్డుల మీదా సాల్మను బొమ్మే. ఈ ఊళ్ళకు అనాదిగా కులవృత్తి ఇదేనేమో అనిపిస్తుంది. కానీ ఈ సాల్మను ఇక్కడిది కాదు. 1966కు ముందు ఈ సరస్సులో సాల్మను వేట అన్నదే లేదు. ఇదంతా ఒక ప్రభుత్వోద్యోగి చేసిన నిర్ణయం నుంచి పుట్టింది. ఆ నిర్ణయానికి కారణమైన చేప మన పులసకు చుట్టం. ఈ టపా రాయాలన్న కోరిక నాకు కలిగింది ఆ చుట్టరికం తెలిశాకనే.

కథ మొదలుపెట్టడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. పంచ మహా సరస్సుల్లో మొదట సముద్రం వైపున్నది ఆంటారియో. దానికీ ఈరీ సరస్సుకూ నడుమ నయాగరా జలపాతం ఉంది. యాభై మీటర్ల ఆ నిలువు గోడ ఎక్కి సముద్రపు చేప ఏదీ పైకి పోలేదు. 1829లో కెనడా వారు జలపాతాన్ని తప్పించి ఓడలు పోయేందుకు వెలాండ్ కాలువ తవ్వారు. ఓడలకు తెరచిన తలుపులో నుంచి ఓడలు మాత్రమే రావు గదా! 1921లో ఈరీ సరస్సులో సముద్రపు లాంప్రే కనబడింది. 1936 నాటికి మిషిగన్ సరస్సు చేరింది, 1938కి సుపీరియర్ కూడా చేరింది.

లాంప్రేను తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. జలగచేప అందాం. పాములా ఉంటుంది, దవడల్లేవు. గుండ్రని నోటి నిండా వలయాలు వలయాలుగా పళ్ళు. పెద్ద చేపకు అంటుకొని, చర్మం తొలిచి, రక్తం పీలుస్తుంది. ఒక్కొక్కటి తన జీవితంలో పద్దెనిమిది కిలోల దాకా చేపను చంపగలదని లెక్క కట్టారు. ఆడది లక్ష దాకా గుడ్లు పెడుతుంది. మిషిగన్ సరస్సులో అప్పటిదాకా రాజు లేక్ ట్రౌట్. ఆ సరస్సులోనే పుట్టి పెరిగిన వేట చేప, తీరపు జాలరుల అన్నం గిన్నె. జలగచేప దెబ్బకూ, దానికి తోడు తరతరాల విచ్చలవిడి వలల వేటకూ 1950ల నడుమకు ఆ లేక్ ట్రౌట్ మిషిగన్ సరస్సులో దాదాపు అంతరించింది. పడవలు అమ్ముకున్న కుటుంబాలెన్నో.

ఇక్కడ ఒక శాస్త్రవేత్త ఓపికను మెచ్చుకోకుండా ముందుకు పోలేను. వెర్నన్ ఆపిల్‌గేట్ అనే ఆయన హ్యూరాన్ సరస్సు ఒడ్డున హామండ్ బే పరిశోధనశాలలో, జలగచేప పిల్లలను చంపి ఇతర చేపలను వదిలిపెట్టే మందు కోసం వెతికించాడు. పిల్లలు కొన్నేళ్ళ పాటు ఏటి అడుగున బురదలో దాగి పెరుగుతాయి, కాబట్టి దెబ్బ అక్కడే కొట్టాలి. గాజు జాడీల్లో జలగ పిల్లలను, మామూలు చేప పిల్లలను కలిపి ఉంచి, ఒక్కొక్క రసాయనమే వేసి చూడడం. ఇంచుమించు ఆరు వేల రసాయనాలు! చివరికి టీఎఫ్ఎం అనేది దొరికింది. 1958 నుంచి ఏళ్ళలో కలపడం మొదలుపెట్టారు. జలగల సంఖ్య దరిదాపు తొంభై శాతం పడిపోయింది. అమెరికా, కెనడాలు కలిసి 1955లో ఏర్పరచుకున్న గ్రేట్ లేక్స్ ఫిషరీ కమిషన్ ఈనాటికీ ఆ పని సాగిస్తున్నది.

జలగ తగ్గింది సరే, ఈలోగా రాజు లేని రాజ్యంలోకి ఇంకొక చేప దిగింది. పేరు ఏల్‌వైఫ్. జానెడు పొడవు, వెండి పొలుసులు, నిండా ముళ్ళు. అట్లాంటిక్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏళ్ళలోకి ఎదురెక్కే జాతి. మీలో గోదావరి జిల్లాల వారు ఈ వర్ణన వినగానే ఉలిక్కిపడాలి. ఇంగ్లీషులో షాడ్ అనే గుంపులో చేరే చేపలే ఏల్‌వైఫూ, మన పులసా. సముద్రంలో విలస, వరద గోదావరిలోకి వచ్చాక పులస. పుస్తెలమ్మి అయినా తినమని మనవాళ్ళు సామెత కట్టిన చేప. దాని దూరపు చుట్టాన్ని మాత్రం అమెరికా మధ్య ప్రాంతంలో బుల్‌డోజర్లతో ఎత్తి పారబోశారు. చేపల జాతకాలు కూడా అవి పుట్టిన చోటును బట్టే ఉంటాయి కాబోలు.

పారబోయడం నిజంగా జరిగిన సంగతే. 1949లో మిషిగన్ సరస్సులో తొలిసారి కనిపించిన ఏల్‌వైఫును తినేందుకు పెద్ద చేప ఏదీ మిగలలేదు. అందుచేత 1960ల నడుమకు సరస్సులోని చేపల బరువులో సింహభాగం దానిదే అయింది. ఉప్పునీటికి పుట్టిన ఆ శరీరం మంచినీటి చలినీ, వసంతంలో నీటి ఉష్ణోగ్రత మారే తీరునూ సరిగా తట్టుకోలేదు. ఏటేటా కొన్ని చచ్చేవి. 1967 వేసవిలో మాత్రం షికాగో నుంచి ఉత్తరాన ఎంతో దూరం దాకా ఒడ్డంతా చచ్చిన చేపల దిబ్బలే. స్నానపు రేవులు మూశారు. నీళ్ళు తోడే గొట్టాలు పూడుకున్నాయి. ఆ కంపు ఊళ్ళు దాటి పోయిందంటారు.

ఇప్పుడు ఆ ప్రభుత్వోద్యోగి దగ్గరకు వద్దాం. హోవర్డ్ టానర్ 1964లో మిషిగన్ రాష్ట్రపు చేపల విభాగానికి అధిపతిగా వచ్చాడు. అంతకుముందు కొలరాడోలో, సముద్రం ముఖం చూడకుండా మంచినీటిలోనే బతికే కోకనీ సాల్మనుతో పనిచేసిన అనుభవం ఉంది. ఏదైనా చెయ్యి, వీలైతే కళ్ళు చెదిరేది చెయ్యి అన్నది పైవారి నుంచి తనకు అందిన ఆదేశమని ఆయన తొంభై దాటాక రాసుకున్న స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. పుస్తకం పేరులోనే ఆ మాట పెట్టుకున్నాడు, "సమ్‌థింగ్ స్పెక్టాక్యులర్" అని.

ఆయన ముందు రెండు దారులున్నాయి. కేంద్ర ప్రభుత్వపు మత్స్యశాఖ ఆలోచన వేరు. ఏల్‌వైఫును పెద్ద వలలతో పట్టి చేపల పొడిగా, పెంపుడు జంతువుల మేతగా అమ్మాలి. మెల్లగా లేక్ ట్రౌట్‌ను మళ్ళీ పెంచి జాలరులకు ఇవ్వాలి. టానర్ లెక్క ఇంకొకటి. అంత మేత ఉచితంగా ఈదుతుంటే దాన్ని తిని కొవ్వెక్కే పెద్ద చేపను తెచ్చి వదలాలి. దాన్ని వలతో కాక గేలంతో పట్టనివ్వాలి. వలవాడు పట్టిన పౌను చేపకు వచ్చే ధర కన్నా, అదే పౌను చేప కోసం సరదా వేటగాడు పడవకూ, పెట్రోలుకూ, గదికీ, బీరుకూ ఖర్చుపెట్టేది ఎన్నో రెట్లు ఎక్కువ. అర్థశాస్త్రంగా చూస్తే ఈ వాదంలో తప్పు పట్టలేను. కానీ ఆ వాదంలో సరస్సు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చడీచప్పుడు లేకుండా ఇమిడిపోయింది.

ఒరెగాన్‌లో ఆ ఏడాది కోహో సాల్మను గుడ్లు మిగిలాయి. అక్కడి వారు కనిపెట్టిన కొత్తరకం తేమ మేత వల్ల పిల్లలు ఎక్కువగా బతకసాగాయి, అందువలన గుడ్లు ఇచ్చేయడానికి వారికి అభ్యంతరం లేకపోయింది. 1964 చివర పది లక్షల గుడ్లు మిషిగన్‌కు వచ్చాయి. ఏడాదిన్నర పెంచి, 1966 వసంతంలో ప్లాట్ నది, బేర్ క్రీక్ వంటి ఏళ్ళలో ఎనిమిది లక్షలకు పైగా పిల్లలను వదిలారు. పర్యావరణంపై ప్రభావమేమిటో రాసి చూపమని అడిగే జాతీయ చట్టం అమెరికాలో 1970లో గానీ రాలేదు. అడిగేవారు లేరు, చెప్పవలసిన పని లేదు. అంతకు ముందు 1870ల నుంచే సాల్మను పిల్లలను ఈ సరస్సుల్లో వదలి విఫలమైన చరిత్ర ఉంది గనుక నవ్వినవారే ఎక్కువ.

నవ్వు ఆర్నెల్లలో ఆగింది. ఆ శరత్తులోనే తొందరపడి ఎదిగిన మగ కోహోలు కొన్ని ఏటికి తిరిగి వచ్చాయి. సాల్మను తాను పెరిగిన ఏటి వాసనను గుర్తుంచుకొని గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తుంది, పెట్టి చచ్చిపోతుంది. 1967 శరత్తులో పూర్తిగా ఎదిగినవి వచ్చాయి, ఒక్కొక్కటి నాలుగు నుంచి తొమ్మిది కిలోలు. ఏల్‌వైఫ్ తిని బలిశాయి. అప్పటిదాకా అరచేతి పొడవు చేపలకు అలవాటు పడ్డ జనం వెర్రెత్తిపోయారు. "కోహో జ్వరం" అన్నారు. గేలాల దుకాణాలు ఖాళీ అయ్యాయి, రోడ్ల మీద మైళ్ళ కొద్దీ కార్లు నిలిచిపోయాయి. కాలువల్లో తిరిగే పన్నెండడుగుల తేలిక పడవలను సముద్రం వంటి సరస్సులోకి తోశారు. సెప్టెంబరు 23, శనివారం. తుపాను హెచ్చరిక జెండాలు ఎగురుతూనే ఉన్నాయి. ప్లాట్ అఖాతంలో గాలి తిరిగింది. వందల పడవలు ఒక్కసారిగా ఒడ్డు పట్టబోయి తిరగబడ్డాయి. ఏడుగురు మునిగి చనిపోయారు.

పెద్ద పడవ, అనుభవమున్న కెప్టెను, అనుమతిపత్రం అనే బాడుగ వేట పద్ధతి ఇక్కడ వేళ్ళూనడానికి ఆనాటి భయం కూడా ఒక కారణమని నా ఊహ. అదే ఏడు చినూక్ సాల్మనును కూడా వదలడం మొదలుపెట్టారు. దీన్ని "కింగ్" అంటారు, పది కిలోలు దాటినవి సామాన్యం. తరువాతి ఇరవై ఏళ్ళలో మిషిగన్ సరస్సు చుట్టూ నాలుగు రాష్ట్రాల రేవుల్లోనూ బాడుగ పడవలు పుట్టగొడుగుల్లా లేచాయి. కొందరు కెప్టెన్లు కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ శని, ఆదివారాలు పడవ నడిపేవారు.

నేను ఒకసారి నలుగురు తెలుగు మిత్రులతో రసీన్ రేవు నుంచి వెళ్ళాను. వేట అంటే గేలం పట్టుకొని మౌనంగా కూర్చోవడమన్న నా అభిప్రాయం అరగంటలో పోయింది. పడవ ఆగదు, మెల్లగా నడుస్తూనే ఉంటుంది. ఐదారు కిలోల బరువున్న సీసపు గుండును సన్నని తీగకు కట్టి లోతుకు దింపుతారు. గుండు దగ్గర ఒక చిన్న క్లిప్పు, ఆ క్లిప్పులో గేలపు దారం. చేప ఎరను కొట్టగానే దారం క్లిప్పు నుంచి విడిపోతుంది, వంగి ఉన్న కర్ర ఠక్కున పైకి లేస్తుంది. పక్కలకు దారాలను దూరంగా లాక్కుపోయే చెక్కపలకలు వేరు. మొత్తం పది పన్నెండు కర్రలు, ఒకదానికొకటి చిక్కు పడకుండా. మా కెప్టెను గడియారం కన్నా ఉష్ణమాపినే ఎక్కువ చూశాడు. కింగ్ సాల్మనుకు పది నుంచి పదమూడు డిగ్రీల చల్లని నీరు ఇష్టం. వేసవిలో పైనున్న వేడినీటికీ కిందనున్న చన్నీటికీ నడుమ ఒక పొర ఏర్పడుతుంది. రాత్రి గాలి దిశ మారితే ఆ పొర పదిహేను మీటర్లు పైకో కిందికో జరుగుతుంది. నిన్న చేప దొరికిన లోతు నేడు పనికిరాదు. ఆయనకు తెలిసిన విద్య అంతా ఆ కనిపించని గీతను వెతకడమే. మాలో ఒకడు దాదాపు ఇరవై నిముషాలు పెనుగులాడి లాగిన చేపను తూచి చూస్తే తొమ్మిది కిలోలు. రేవులో అది కోసిస్తుంటే కడుపులో నుంచి ఏడెనిమిది ఏల్‌వైఫులు బయటపడ్డాయి. ఇంటికి తెచ్చి చింతపండు పులుసు పెట్టాం. నూనె ఎక్కువ గనుక పులుపు గట్టిగా తగిలించాలి, ఆవాలు మెంతులు తగ్గించకూడదు. మర్నాటికి రుచి ఇంకా పెరిగింది. పులస పులుసుకు సాటి రాదని ఒక మిత్రుడు తీర్పు చెప్పాడు, కానీ గిన్నె ఖాళీ చేసింది అతడే.

ఈ సంబరంలో మరుగునపడ్డవారి సంగతి చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది. గేలపు వేటకు సరస్సును కేటాయించాలంటే వలలను తప్పించాలి. మిషిగన్ రాష్ట్రం చిన్న జాలరుల గిల్‌నెట్లను క్రమంగా నిషేధించింది. జలగచేప మిగిల్చిన వారిని ఈ చట్టాలు తుడిచిపెట్టాయి. అయితే ఒక వర్గం లొంగలేదు. ఒట్టావా, చిప్పెవా జాతుల ఆదివాసులు 1836లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒడంబడికలో తమ భూములు ఇచ్చివేశారు గాని వేట హక్కులను వదులుకోలేదు. ఆల్బర్ట్ లెబ్లాంక్ అనే బే మిల్స్ తెగ జాలరి 1971లో వల వేసి, అరెస్టయి, కోర్టుకెక్కాడు. 1976లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఒడంబడిక హక్కును గుర్తించింది. 1979లో ఫెడరల్ న్యాయమూర్తి నోయెల్ ఫాక్స్ మరింత స్పష్టంగా తీర్పునిచ్చాడు: ఆ హక్కు రాష్ట్రం ఇచ్చిన వరం కాదు, తెగలు తమ వద్దే ఉంచుకున్న ఆస్తి. ఆ రోజుల్లో రేవుల్లో ఆదివాసుల వలలు కోశారు, పడవలు పాడుచేశారు, బెదిరించారు. సరదా వేటగాళ్ళు తమ చేపను "ఎవరో" దోచుకుంటున్నారని వాపోయారు. పదేళ్ళ వయసున్న చేపమీద వందల ఏళ్ళ హక్కుదారులను దొంగలనడం నాకు ఈ కథలో అన్నిటికన్నా చేదుగా తోచిన ఘట్టం. తరువాత 1985లోనూ, 2000లోనూ, 2023లోనూ కోర్టు ద్వారా రాజీ ఒప్పందాలు కుదిరాయి. ఎవరు ఎక్కడ, ఏ వలతో, ఎంత పట్టవచ్చో ఇప్పుడు వాటిని బట్టే నడుస్తుంది.

అరువు చేపకు కష్టాలు కూడా తొందరగానే వచ్చాయి. 1969లోనే కోహో మాంసంలో డీడీటీ మోతాదు మించిందని కేంద్ర అధికారులు సరుకు పట్టుకున్నారు. 1980ల చివర చినూక్‌లు మూత్రపిండాల వ్యాధితో గుంపులుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఏల్‌వైఫ్ తగ్గి తిండి చాలక బలహీనపడ్డందువల్లే వ్యాధి ముదిరిందని నిపుణులు భావించారు. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. బుల్‌డోజర్లతో ఎత్తిపోసిన పీడ చేపను ఇప్పుడు కాపాడవలసి వచ్చింది! వలలతో ఏల్‌వైఫ్ పట్టడంపై ఆంక్షలు పెట్టారు. సాల్మను బతకాలంటే ఏల్‌వైఫ్ బతకాలి. శత్రువును చంపడానికి తెచ్చిన సైన్యానికి జీతం ఆ శత్రువే.

ఆ తరువాత ఓడల అడుగునున్న నీళ్ళలో నల్లసముద్రం ప్రాంతపు ఆల్చిప్పలు వచ్చాయి. మొదట జీబ్రా ఆల్చిప్ప, వెనకాలే క్వాగా. మిషిగన్ సరస్సులో క్వాగా 1997లో బయటపడింది. సరస్సు అడుగంతా పరచుకొని, నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టి మింగేస్తాయి. నీరు అద్దంలా తేటపడింది. చూడడానికి బాగుంటుంది, చేపలకు మాత్రం అది ఆకలి రంగు. పక్కనున్న హ్యూరాన్ సరస్సులో 2003, 2004 సంవత్సరాల్లో ఏల్‌వైఫ్ ఒక్కసారిగా కూలిపోయింది. దాని వెనుకే చినూక్ కూలింది. ఓస్కోడా, హారిస్‌విల్ వంటి రేవుల్లో బాడుగ పడవలు అమ్మకానికి నిలిచాయి, మోటళ్ళు ఖాళీ అయ్యాయి.

అయితే అదే హ్యూరాన్‌లో ఎవరూ ఊహించనిది జరిగింది. ఏల్‌వైఫ్ శరీరంలో థయామిన్‌ను, అంటే బి1 విటమిన్‌ను, నాశనం చేసే ఎంజైము ఉంటుంది. దాన్ని తిన్న లేక్ ట్రౌట్ తల్లుల పిల్లలు ఆ లోపంతో గుడ్డు దాటగానే చచ్చేవి. దశాబ్దాల పాటు లక్షల పిల్లలను తొట్లలో పెంచి వదిలినా సరస్సులో సహజంగా పుట్టినవి నిలవకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఏల్‌వైఫ్ పోయాక, లేక్ ట్రౌట్ తనంతట తాను పిల్లలు పెట్టడం మొదలుపెట్టింది. వాలై చేప కూడా విపరీతంగా పెరిగింది. అంటే పీడ చేప ఉంటే అరువు చేప, అది పోతే సొంత చేప. రెండూ ఒకేసారి నిండుగా కావాలంటే సరస్సు ఒప్పుకోదు.

మిషిగన్ సరస్సు వారు హ్యూరాన్‌ను చూసి బెదిరారు. తిండికి తగ్గట్టు నోళ్ళు తగ్గించాలని 2006లోనూ, 2013లోనూ, మళ్ళీ 2017 ప్రాంతంలోనూ వదిలే చినూక్ పిల్లల సంఖ్యను బాగా కోశారు. కెప్టెన్లలో చాలామంది దీనికి ఒప్పుకున్నారు. తమ పొట్టను తామే కొంత బిగించుకున్నారు. ఆ కోత పనిచేసినట్టే ఉంది. ఏల్‌వైఫ్ పూర్తిగా కూలలేదు, 2020లలో పిల్లల సంఖ్యను కొంచెం పెంచగలిగారు. ఇప్పుడు సరస్సులోని చినూక్‌లలో సగానికి పైగా ఏళ్ళలో తమంతట తాము పుట్టినవే. అరువు చేప అరవై ఏళ్ళలో పుట్టిల్లు కట్టుకుంది.

లేక్ ట్రౌట్‌ను ఎంత పెంచాలి, సాల్మనును ఎంత ఉంచాలి అన్న తగవు మాత్రం తీరలేదు. కొందరు కెప్టెన్ల దృష్టిలో లేక్ ట్రౌట్ బరువుగా, బద్ధకంగా లేచే చేప, డబ్బిచ్చిన వారికి ఉత్సాహం ఇవ్వదు. ఆదివాసుల దృష్టిలోనూ, చాలామంది జీవశాస్త్రవేత్తల దృష్టిలోనూ అది ఇంటి యజమాని. నన్నడిగితే నేను యజమాని పక్షమే, నాకు పులుసు పెట్టింది అరువు చేపే అయినా. జలగచేప మందు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి అవసరం. 2020, 2021లలో కోవిడ్ వల్ల చాలా ఏళ్ళలో మందు కలపలేకపోయారు. ఆ తరువాత పట్టుబడిన చేపల ఒంటిమీద గుండ్రని గాయాలు మళ్ళీ ఎక్కువయ్యాయి. మందు కలిపే బృందాలు ఆపై ఏళ్ళలో మళ్ళీ ఏళ్ళలోకి దిగాయి. 2024 నవంబరులో, సుపీరియర్ సరస్సులో చాలామేరకు లేక్ ట్రౌట్ పూర్తిగా కోలుకున్నదని కమిషన్ ప్రకటించింది. మిషిగన్ సరస్సు విషయంలో అటువంటి ప్రకటన ఇంకా రాలేదు.